ఎదురుకాళ్ల పిల్ల ఆగిన చోటు

మొన్న మనవరాలిని ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎనిమిదో నెల నిండుతోంది. డాక్టరమ్మ పొట్ట మీద యంత్రం తిప్పి చూసి, "బిడ్డ తల పైకి, కాళ్లు కిందికి ఉన్నాయి. ఇంకో రెండు మూడు వారాల్లో తిరగకపోతే ఆపరేషన్ చేయాల్సి ఉంటుంది" అంది. మనవరాలు అక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం లోపలి నుంచి సంతోషం పొంగుకొచ్చింది. "ఎదురుకాళ్ల బిడ్డా! నా మాదిరే!" అని గట్టిగానే అనేశాను. డాక్టరమ్మతో సహా అందరూ ఈ ముసలమ్మకు మతి పోయిందా అన్నట్టు చూశారు.

దారిలో మనవరాలు ముక్కు తుడుచుకుంటూ, "ఎదురుకాళ్లతో పుడితే ఏమొస్తుంది అవ్వా?" అని అడిగింది. "నడుములు తన్నొచ్చు" అన్నాను. దానికి ఏడుపులోనే నవ్వొచ్చింది. మిగతాది చెప్పడానికి దారి చాలలేదు, వినడానికి దానికి ఓపికా లేదు. రాసి పెడితే తర్వాత తీరిగ్గా చదువుకుంటుందిలే అని మొదలుపెట్టాను.

మా ఊరు బత్తలపల్లె సంతకు నడిచిపోయేంత దూరంలో ఉండేది. ఎర్రనేల, గుండ్లు, తుమ్మచెట్లు. నేను కాళ్లు ముందు పెట్టి పుట్టానని మా జేజి, అంటే నాయనకు అమ్మ, ఊరంతా గొప్పగా చెప్పుకునేది. "నా మనవరాలు పుట్టేటప్పుడే నడిచొచ్చినాది" అనేది. అట్లా పుట్టినవాళ్లు ఎడమకాలితో మూడుసార్లు తంతే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. నాకు కాళ్లలో బలం వచ్చినప్పటి నుంచీ ఊరి నడుములన్నీ నావే. పొద్దున్నే, నేను పళ్లయినా తోమకముందే, ఎవరో ఒకరు మూలుగుతూ వచ్చి మా గోడకు చేతులు ఆనించి వీపు తిప్పి నిలబడేవాళ్లు. నేను తన్నేదాన్ని. తన్నించుకున్నవాళ్లు నోరెత్తకుండా, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. పోతూ పోతూ అరుగు మీద బెల్లంముక్కో, గుప్పెడు వేయించిన చెనిక్కాయలో పెట్టేవాళ్లు.

ఒకసారి మా బడి అయ్యవారు వచ్చాడు. ఎక్కాలు రాలేదని ముందురోజే నా అరచేతులు వాచేట్టు కొట్టిన మనిషి. గోడకు చేతులానించి నిలబడి, "మెల్లగా మే, మెల్లగా" అన్నాడు. నేను అటు దడి దాకా పోయి, అక్కణ్ణుంచి పరుగెత్తుకొచ్చి తన్నాను. మూడు తన్నాలి కదా, లెక్క తప్పినట్టు నటించి అయిదు తన్నాను. పైగా ఆయన మాట్లాడకూడదు, తిరిగి చూడకూడదు. ఆయన నడుము నిజంగానే కుదిరింది. నా ఎక్కాలే కుదరలేదు.

ఈ వైభోగమంతా పక్కన పెడితే ఊళ్లో నీళ్లకు అందరిదీ ఒకటే గతి. ఊరిబావి మాఘమాసానికే అడుగు తేలేది. ఆ తర్వాత మైలున్నర దూరంలోని వంకే దిక్కు. వంక అంటే పేరుకు వంక. వానలకు నాలుగు రోజులు పారి, మిగిలిన కాలమంతా ఇసుకగా పడి ఉండేది. ఆ ఇసుకలో గుంత తీస్తే అడుగున కొంచెం నీరు ఊరేది. ఆ గుంతను చెలమ అంటాం. కొబ్బరిచిప్పతో ఒక్కో చిప్పా తోడి, పాత చీరగుడ్డలో వడగట్టి, కడవ నింపుకోవాలి. ఒక కడవ నిండి, మళ్లీ చెలమలో నీరు ఊరేదాకా పక్కన కూర్చోవాలి. ముందు పోయినవాళ్లకు తేట, వెనక పోయినవాళ్లకు బురద. అందుకని అమ్మ కోడి కూయకముందే లేచి పోయేది. నేను కళ్లు తెరిచేసరికి ఆమె ఎప్పుడూ ఇంట్లో ఉండేది కాదు. అమ్మలంటే పొద్దున పూట ఇంట్లో ఉండని మనుషులని నేను అనుకునేదాన్ని.

నాయనకు సొంత బావి పిచ్చి ఉండేది. బావి పడితే కపిల కడతానని, అంటే ఎద్దులతో తోలుబాన లాగించి నీళ్లు పారిస్తానని, రెండెకరాలు వరి పెడతానని, మేమంతా మూడు పూటలా బియ్యం అన్నమే తింటామని చెప్పేవాడు. ఆ మాట వినేటప్పుడు మా చేతుల్లో రాగి సంగటి ముద్ద, ఊరిబిండి, అంటే చెనిక్కాయల పచ్చడి, ఉండేవి. ఊరిబిండి అంత రుచిగా ఉంటే బియ్యం అన్నం ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు.

అయితే ఎక్కడ తవ్వాలి? అక్కడే ఏళ్లు గడిచిపోయాయి. మా పెద్దనాయన, నాయనకు అన్న, అంతకుముందే తన చేనులో తవ్వించాడు. నాలుగు నిలువుల లోతుకు పోయేసరికి ఒకటే బండ పడింది. నిలువంటే మనిషి ఎత్తు. ఆయన ఆ గుంతను అట్లాగే వదిలేసి, పశువులు పడకుండా చుట్టూ కంప వేశాడు. నాయన ఆ గుంత పక్కన పోయినప్పుడల్లా లోపలికి తొంగి చూసి వచ్చి, ఇంకో ఏడాది బావి మాట ఎత్తేవాడు కాదు.

చివరికి ఒక ఏడాది చెనిక్కాయ పెరికిన తర్వాత, బెళుగుప్ప వైపు నుంచి నీళ్లు చూసే అయ్యను పిలిపించాడు. సన్నటి మనిషి, చెవులకు పోగులు, మెడలో ఎర్రతువాలు. రెండుగా చీలిన వేపపుల్లను రెండు చేతులతో పట్టుకుని చేనంతా తిరిగాడు. ఊళ్లో పిల్లలందరం వెనక. ఆయన ఆగితే ఆగడం, ఆయన దగ్గితే దగ్గడం. ఇంటికి దూరంగా ఉన్న మెట్టచేనులో మూడు చోట్ల పుల్ల కిందికి వంగింది. మూడు చోట్లా రాయి పెట్టించి, "మూడిట్లో ఏదో నేను చెప్పలేనప్పా. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు ఎవరన్నా ఉండారా? ఉంటే పని సులువు అయితాది" అన్నాడు.

జేజి ముఖం చూడాలి అప్పుడు. నా జబ్బ పట్టుకుని ముందుకు తోసింది. "ఉండాది సామీ, ఉండాది!" అంది.

నా కాళ్లు కడిగారు. వట్టికాళ్లతో ఇంటి వెనక నుంచి బయలుదేరి మెట్టచేను దాకా నడవమన్నారు. ఏ రాయి దగ్గర నా కాలు తనంతట తాను ఆగితే అక్కడ గంగ ఉన్నట్టు. "కాలు ఎట్ల ఆగుతాది?" అని అడిగాను. "గంగమ్మ పట్టుకుంటాది, నీకే తెలుస్తాది" అన్నాడు అయ్య. నాకు ఆ సంగతి చూడాలని ఎంత ఆత్రంగా ఉందో చెప్పలేను. నేల లోపలి నుంచి చెయ్యి వస్తుందా, చల్లగా ఉంటుందా, చక్కిలిగింత పెడుతుందా? కళ్లు సగం మూసుకుని, అరికాళ్లలోనే ప్రాణమంతా పెట్టుకుని నడవడం మొదలుపెట్టాను. ఊరంతా నా వెనక ఊపిరి బిగబట్టి వస్తోంది.

ఇరవై అడుగులు కూడా పోలేదు. అమ్మ వంటచెరుకు కోసం ఎండబెట్టే తుమ్మకంప ఇంటి వెనకే ఉండేది. దాని పక్కన అడుగు వేశానో లేదో మడమలో ముల్లు కసుక్కున దిగింది. "అమ్మా!" అని అరిచి, ఒంటికాలి మీద నిలబడిపోయాను.

"ఆగినాది!" అని ఎవరో కేక వేశారు. అయ్య పరుగెత్తుకొచ్చి అక్కడ పుల్ల పట్టాడు. పుల్ల నిలువునా కిందికి వంగింది. "ఈడే! ఈడేనప్పా! నా మూడు రాళ్లూ తప్పు. పిల్ల కాలే నిజం!" అన్నాడు.

నేను నోరు తెరిచాను. అంతలో జేజి వంగి నా పాదం మీద పసుపు, కుంకుమ పెట్టేసింది. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా కాలికి మొక్కారు. నడుము తన్నించుకునేవాళ్లు బెల్లంముక్క పెట్టేవాళ్లేగాని మొక్కలేదు ఎప్పుడూ. ముల్లు చురుక్కుమంటూనే ఉంది. చెప్పలేదు. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి, చెప్పాలనిపించలేదు కూడా.

సాయంత్రానికి మడమ వాచింది. అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని, పిన్నీసుతో తవ్వి ముల్లు బయటికి తీసింది. విరిగిన ముల్లు, అంగుళం పొడవుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పొయ్యి వెలుగులో చూసింది. నన్ను చూసింది. బయట నాయన, అయ్య ఓళిగలు, అంటే బొబ్బట్లు, తింటూ బావి ఎంత వెడల్పు ఉండాలో మాట్లాడుకుంటున్నారు. అమ్మ ముల్లును పొయ్యిలో వేసి, గాయానికి పసుపునూనె రాసి, చిన్నగా అంది.

"గమ్మునుండు. ఎవరితోనూ అనొద్దు."

"ఏంటికమ్మా?"

"గమ్మునుండమంటే గమ్మునుండు."

అమ్మ అబద్ధం ఆడితే వాత పెట్టే మనిషి. అటువంటిది తానే గమ్మున ఉండమంటోంది. ముల్లు నొప్పి రెండు రోజుల్లో పోయింది, ఆ 'ఏంటికి' మాత్రం నాలో పోలేదు.

మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టి పని మొదలుపెట్టారు. రాళ్లు కొట్టే మేస్త్రి ఒకాయన పెళ్లాంబిడ్డలతో, ఇంకో పది మందితో వచ్చి మా కళ్లంలో గుడిసెలు వేసుకున్నాడు. మగవాళ్లు గడ్డపారలతో తవ్వితే ఆడవాళ్లు గంపలతో మన్ను పైకి మోసేవాళ్లు. పెద్దనాయన రోజుకొకసారి వచ్చి గట్టున నిలబడేవాడు.

"ఏమప్పా, పసిపిల్ల కాలు చూసుకోని బావి తొవ్వుతావా? నేను చూసినా గదా, ఈ నేల కింద బండ తప్ప ఏమి ఉండాది?"

"నీ బండ నీది అన్నా, నా బండ నాది. నేనూ చూసుకుంటా" అనేవాడు నాయన.

నాకు బడి లేదు, ఎండాకాలం. పొద్దుగూకులూ బావి దగ్గరే. లోపలి నుంచి ఏమేం వస్తుందో చూడాలని ఒకటే ఆశ. మొదట ఎర్రమన్ను, తొలివాన పడ్డప్పటి వాసన. తర్వాత తెల్లసుద్ద. తర్వాత గరుసు, అది ఇనుము వాసన. ప్రతిదాన్నీ గంపలో నుంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుని చూసేదాన్ని. మన్ను కమ్మగా ఉండేది. సుద్ద నాలుకకు అతుక్కునేది. గరుసు తింటే పళ్లు కరకరమన్నాయి. నీళ్లు దగ్గరపడితే రుచి మారుతుందని నా నమ్మకం. జేజి చూసి వీపు మీద ఒక్కటి వేసింది. "ఆ పిల్ల తినేస్తే మనకు తొవ్వే పనే ఉండదు" అని మేస్త్రి నవ్వాడు.

ఆయన ఒక్కడే నేను ఏమడిగినా విసుక్కునేవాడు కాదు.

"నీళ్లు యాడ నుంచి వస్తాయి మామా?"

"బండలో దోవలుంటాయి పాపా. మనకు దోవలున్నట్లే నీళ్లకూ ఉంటాయి. ఆ దోవకు మనం అడ్డం పడితే దొరుకుతాయి. లేకుంటే వాటి పాటికి అవి పోతాయి, మన పాటికి మనం పోతాం."

"ఆ దోవ కాలికి తెలుస్తాదా?"

"ముప్పై ఏండ్లుగా నేను పట్టిన ఉలికే తెలీలేదు, కాలి సంగతి నాకేమి ఎరుక" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ పూట సజ్జరొట్టె కూడా నాకు దిగలేదు.

అయిదో నిలువులో బండ పడింది. పెద్దనాయనకు పడిన బండే. నల్లగా, నున్నగా, అటు గోడ నుంచి ఇటు గోడ దాకా. నాయన ఆ రోజు దిగి దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. మేస్త్రి మాత్రం, "మందు పెడదామన్నా" అన్నాడు. ఇక అక్కడి నుంచి ఉలి, సమ్మెట. బండలో మూరెడు లోతు సన్నటి బొక్కలు కొట్టడం, వాటిలో తుపాకిమందు కూరి వత్తి పెట్టడం, సంగటి వేళకు అందరూ పైకి వచ్చాక మేస్త్రి ఒక్కడే దిగి ముట్టించి పైకి రావడం. "మందూ! మందూ!" అని కేక వేస్తే ఊరంతా ఇళ్లల్లోకి పోయేది. పిల్లలం తలుపు సందుల్లో నుంచి పేలుళ్లు లెక్కపెట్టేవాళ్లం. లెక్క సరిపోవాలి. నాలుగు బొక్కలకు నాలుగు.

పని జరుగుతున్న కొద్దీ అమ్మ చిక్కిపోయింది. బావి తవ్వేవాళ్లు తాగాలన్నా, వాళ్లకు సంగటి వండాలన్నా, కొలిమిలో కాల్చిన ఉలులు చల్లార్చాలన్నా నీళ్లు కావాలి. అవన్నీ వంక నుంచి అమ్మే మోయాలి. బావి మొదలైన తర్వాత ఆమె నడక రెండింతలైంది. అయినా ఒక్కసారి కూడా గొణగలేదు. మోసుకొచ్చిన కడవ దించి, ముందుగా గట్టు దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసేది.

రోహిణి కార్తె వచ్చేసింది. మృగశిరలో వాన పడిందంటే మేస్త్రి మనుషులు తమ ఊళ్లకు విత్తనానికి పోతారు. ఇంకా రాయి కట్టని బావి కాబట్టి పైనున్న మన్నుగోడలు వానకు నాని కూలుతాయి. అంటే నీళ్లు పడితే వానలోపు పడాలి, లేకపోతే ఎండాకాలమంతా చేసిన పని మట్టిపాలు. ఈ మాట నాయన జేజితో అంటుంటే విన్నాను. అప్పటి నుంచి మబ్బు కనిపిస్తే భయమేసేది. మా సీమలో వాన రాకూడదని మొక్కుకున్న పిల్లను నేనొక్కదాన్నే ఉంటాను.

ఎనిమిదో నిలువు దాటినా బండ పొడిగానే ఉంది. ఆ రోజు నాలుగు బొక్కలకు మందు పెట్టారు. మేస్త్రి ముట్టించి పైకి వచ్చాడు. ఒకటి. రెండు. మూడు. అంతే.

కాసేపు చూశారు. నాలుగోది పేలలేదు. పేలకుండా మిగిలిన మందు ఎప్పుడు పేలుతుందో ఎవరికీ తెలియదు. మేస్త్రి అరుగు మీద కూర్చుని ఒక బీడీ కాల్చాడు. దాన్నుంచే ఇంకొకటి ముట్టించి అదీ కాల్చాడు. లేచి తలగుడ్డ బిగించాడు. "వద్దు, రేప్పొద్దున చూద్దాంలే" అన్నాడు నాయన.

"రేపు వేరేవాడు తెలీక దాని మీద సమ్మెట వేస్తే? ముట్టించినోడే దిగల్ల అన్నా" అని తాడు పట్టుకున్నాడు.

ఆయన భార్య చంకలో బిడ్డను జేజికి ఇచ్చేసి వచ్చి, తాడు కట్టిన దూలం పక్కన కూర్చుంది. ఏడవలేదు. తాడును రెండు చేతులతో పట్టుకుంది. అది కట్టే ఉంది, ఆమె పట్టుకోవాల్సిన అవసరం లేదు. అయినా వదల్లేదు. నేను ఆమె చేతులనే చూస్తున్నాను. ఆయన చచ్చిపోతే నా కాలి వల్లే చచ్చిపోతాడని నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు, నాకూ అమ్మకూ తప్ప. పరుగెత్తుకుంటూ పోయి నాయన పంచె పట్టుకున్నాను.

"కాలు కాదు నాయనా! ముల్లు గుచ్చుకునింది! గంగమ్మ ఏమీ పట్టుకోలేదు. ముల్లు! మామను పైకి రమ్మను!"

నాయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. పెద్దనాయన అక్కడే ఉన్నాడు. నవ్వడమో తిట్టడమో తెలియక రెండూ చేశాడు. "వింటివా? ముల్లు చూసుకోని బావి తొవ్వినావు. ఊరోళ్లకు చెప్పుకోవడానికి బాగుంటాది!"

నాయన నన్ను కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. అప్పుడు అమ్మ వచ్చింది. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఆడవాళ్లు బావగారి ఎదుటికి వచ్చేవాళ్లు కాదు, వాళ్ల ముందు గొంతెత్తడమనే మాటే లేదు. అమ్మ తల మీద కొంగు కూడా సరిచేసుకోకుండా వచ్చి నాకూ నాయనకూ నడుమ నిలబడింది.

"పిల్లను ఏమనొద్దు. ముల్లు తీసింది నేనే. గమ్మునుండమనిందీ నేనే."

"నీకు తెలుసా?" అన్నాడు నాయన.

"తెలుసు. ఆ అయ్య పెట్టిన రాళ్లు మూడూ మెట్టచేనులో ఉండాయి. ఆడ బావి పడితే మీ వరికి నీళ్లు. నాకు నడక తప్పేదేముండాది? ఈడ ఇంటి వెనక పడిందంటే నేను ఒక్క పొద్దన్నా నడవకుండా ఉంటానని గమ్మునుంటి. యాడ తొవ్వినా కింద ఉండేది ఆ బండే గదా. తప్పంటే నాదే."

నాయన ఆమెను అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ వంక దారిలో ఆయన ఎన్నోసార్లు ఎద్దులను తోలుకుపోయి ఉంటాడుగాని, కడవతో ఒక్కసారి నడవలేదు. చివరికి అడిగిన మాట బావి గురించి కాదు.

"దినానికి ఎన్ని తడవలు పోతావు?"

"ఎవరు లెక్క పెట్టినారు" అంది అమ్మ.

లోపలి నుంచి మేస్త్రి కేక వినిపించింది. "అన్నా! తాడు లాగండి!"

నలుగురు కలిసి లాగారు. ఆయన పైకి వచ్చాడు. ఒళ్లంతా నల్లటి మసి, కళ్లు తెల్లగా. గుప్పిట తెరిచి నాయన అరచేతిలో పేలని వత్తి పెట్టాడు. నాయన దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. మళ్లీ నలిపాడు.

"తడిసినాది" అన్నాడు.

"పొద్దున మందు కూరేటప్పుడు బొక్క పొడిగా ఉండాది అన్నా. ఇప్పుడు చూస్తే మందంతా ముద్ద అయిపోయినాది. అందుకే అంటుకోలేదు. పడమటి పక్క యాడనో దోవ ఉండాది" అన్నాడు మేస్త్రి.

ఆ వత్తి చేతులు మారింది. జేజి కళ్లకద్దుకుంది. పెద్దనాయన వాసన చూశాడు. నేను అడిగి తీసుకుని నాలుకకు ఆనించి చూశాను. మందు చేదు, దాని వెనక చల్లదనం. మేస్త్రి భార్య అప్పుడు తాడు వదిలింది. అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. జేజి దగ్గర నుంచి బిడ్డను తీసుకుని పాలు పట్టింది.

ఆ తర్వాత మందు వాడలేదు, ఉలులతోనే పడమటి గోడ చెక్కారు. మూడో రోజు బండ చీలికలో నుంచి నీళ్లు వచ్చాయి. వేలు లావు ధార. మర్నాటికి మడమల లోతు, వారానికి మనిషి లోతు. మృగశిర వాన ఇంకా నాలుగు రోజులకు గాని రాలేదు, అప్పటికి రాతికట్టు సగం పూర్తయింది.

ఊళ్లో మాత్రం తగువు తీరలేదు. నీళ్లు చూసే అయ్య వచ్చి అంతా తన పుల్ల మహిమ అన్నాడు. పెద్దనాయన ముల్లుకు గుడి కట్టమన్నాడు. జేజి అయితే, "ఆ ముల్లు ఆడ పెట్టినోళ్లెవరు? గంగమ్మే పెట్టినాది" అని తేల్చేసింది. నా దగ్గర తన్నించుకునేవాళ్లు తగ్గుతారని భయపడ్డాను, తగ్గలేదు. నాకే తన్నేటప్పుడు మునుపటి దర్జా పోయింది. కాలికి ఏమైనా తెలుసా, తెలియదా? అప్పుడు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. తర్వాత చాలా ఏళ్లపాటు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పులు విడిచి చేనులో నడిచి చూసేదాన్ని. ఎక్కడా ఏదీ పట్టుకోలేదు.

నీళ్లు కొంచెం ఉప్పన. పప్పు ఉడకడానికి సగం పొద్దు పట్టేది. రెండెకరాల వరి కల అరెకరానికి దిగింది, అదీ మంచి ఏడాదికి. చుట్టూ బోర్లు పడ్డాక బావి ఎండిపోయింది, మా వాళ్లు మన్ను పోసి పూడ్చేశారు. ఇప్పుడు అక్కడ నిలబడినా ఎక్కడుండేదో చెప్పలేను. అప్పటి మనుషుల్లో నేను తప్ప ఎవరూ లేరు. బావి ఎందుకు గుర్తొచ్చినా నాకు ధార పడిన రోజు గుర్తురాదు. కట్టు పూర్తయి, మేస్త్రి వాళ్లు గుడిసెలు పీక్కుని వెళ్లిపోయాక వచ్చిన మొదటి పొద్దు గుర్తొస్తుంది.

తూర్పు అప్పుడే తెల్లబడుతోంది. నాకు ఎందుకో మెలకువ వచ్చి బయటికి వచ్చాను. కడవలు రెండూ నిండుగా గోడ పక్కన ఉన్నాయి. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఊరికే. ఆ వేళప్పుడు ఆమెను ఇంట్లో చూడడమే నాకు కొత్త, కూర్చుని ఉండగా అసలెప్పుడూ చూడలేదు. జ్వరం వచ్చిందేమో అనుకున్నాను. భయంతో దగ్గరికి పోయి నుదురు ముట్టుకున్నాను.

"ఏమ్మా, ఒళ్లు బాగలేదా?"

"బాగుండాది మే" అంది. "లేస్తి, కడవ ఎత్తుకుంటి, సగం దూరం పోయినాక గ్యాపకం వచ్చినాది. తిరిగొచ్చి నింపుకుంటి. ఇంగ ఏమి చేయల్లనో తెలీలేదు. కూచుంటి."

పక్కకు కొంచెం జరిగింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.